రెండో ట్యూబులో రక్తం

నవ్య ఏడుపు ఆగేదాకా నేను మొదటి ప్రశ్న అడగలేదు. ఏడుస్తున్న మనిషిని అడిగితే జవాబు రాదు, బతిమాలుకోవడమే వస్తుంది. పోలీసు ఉద్యోగంలో తల నెరిసిన నరసింహానికి ఈ ముక్క ఎవరూ చెప్పినట్టు లేదు. పొద్దుటి నుంచీ ఆ పిల్లని తన గదిలో ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నాడు.

"ట్యూబు ఎవరి కోసం మార్చావమ్మా?"

"మైనే కుఛ్ నహీ బద్‌లా, సర్. నేను మార్చలేదు. మా అమ్మ మీద ఒట్టు."

నా పేరు త్రివేణి. హిందీ మాట్లాడే ఈ ఉక్కు పట్నంలో, సాక్చీ బజారులో ఒక కుట్టు మెషీన్ల షాపు పైన నా డిటెక్టివ్ ఆఫీసు. అంతకుముందు ఇన్సూరెన్సు వాళ్ళ తరఫున ఆసుపత్రి క్లెయిములు తనిఖీ చేసేదాన్ని. నోరు మంచిది కాదని ఊళ్ళో పేరుంది, ఆ పేరు ఎవరూ ఊరికే ఇవ్వలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. ఈ సువర్ణ లివర్ సెంటర్‌కి నన్ను పిలిచింది పరిశోధన విభాగం చూసే డాక్టర్ భార్గవ్. సెక్యూరిటీ చీఫ్ నరసింహానికి నేను రావడం సుతరామూ ఇష్టం లేదు.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. పోలరాజు అని ఆదిత్యపూర్ వైపు ఒక రోలింగ్ మిల్లులో కాంట్రాక్టు కార్మికుడు. కాలేయంలో గడ్డ. సోమవారం ఆపరేషన్ చేసి తీసెయ్యాలి. భార్గవ్ పరిశోధనలో చేరిన పేషెంట్లకి ముందుగా రెండుసార్లు రక్తం తీసి, గడ్డ ఉన్నచోటే ఉండే రకమా, ఒళ్ళంతా పాకే రకమా అని చూస్తారు. పోలరాజు మొదటి ట్యూబు ఉన్నచోటే ఉండే రకం అంది. రెండోది పాకే రకం అంది. పాకే రకమైతే కోసినా ఫలితం నిలవదని ఆపరేషన్ ఆపేశారు. సాయంత్రం నాలుగింటికి డాక్టర్ల బోర్డు కూర్చుని ఆ సోమవారాన్ని వరసలో తర్వాతి పేషెంటుకు ఇచ్చేస్తుంది. ఆ తర్వాతి పేషెంటు, ఇక్కడ రక్తం తీసే నవ్యకి మేనమామ. ఆ సంగతి నవ్య ఎవరికీ చెప్పలేదు. నరసింహానికి అది చాలు, నాలుగు కొట్టగానే ఈ పిల్లని పోలీసులకు అప్పజెబుతానంటున్నాడు.

నేను నా కుర్చీ నవ్య పక్కకి జరుపుకున్నాను. "మామ సంగతి ఎందుకు దాచావు?"

"చెబితే ఆయన పేరు తీసేస్తారని భయమేసింది, ఆంటీ. నాన్న పోయాక మమ్మల్ని పెంచింది ఆయనే." ఎర్రబడిన కళ్ళెత్తి నా వైపు చూసింది. "అంతే. ఔర్ కుఛ్ నహీ."

"ఆ రోజు పోలరాజు రక్తం తీసింది నువ్వేనా?"

"నేనే. నేను చేరి నెల కూడా కాలేదు, ఆయన్ని అదే చూడడం. కార్డు చూశాను. పేరు పిలిచాను. వచ్చి కూర్చున్నాడు."

"ముఖం చూశావా?"

"మాస్కు ఉంది. లివర్ పేషెంట్లందరికీ ఉంటుంది. కార్డు మీద ఫోటోకి కళ్ళు, నుదురు సరిపోయాయి."

"సూది ఎక్కడ గుచ్చావు?"

నరసింహం విసుగ్గా నవ్వాడు. నవ్య మాత్రం ఆలోచించి చెప్పింది. "కుడి మోచేతి మడతలో. ఏక్ హీ బార్ మే మిల్ గయా, ఒక్క పోటుకే దొరికింది. అంత మంచి నరం నాకు ఇక్కడ ఇంకెవరి చేతిలోనూ దొరకలేదు. భలే మాట్లాడాడు కూడా. సూదంటే బయం తల్లీ, మెల్లిగా పొడువు, అన్నాడు."

"సూదంటే భయమన్నాడా?"

"హా. కళ్ళు మూసుకున్నాడు."

నేను ఆ మాటని మూట కట్టి పక్కన పెట్టుకున్నాను. నెలల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాడికి సూది మీద ఇంకా అంత భయం మిగలడం నేనెక్కడా చూడలేదు.

"త్రివేణి గారూ," అన్నాడు నరసింహం, "నరాల మీద పరిశోధన డాక్టర్లు చేస్తారు. అవకాశం ఈమెకి ఉంది, కారణం ఈమెకి ఉంది, అబద్ధం ఈమె ఆడింది. ఇంకేం కావాలి?"

"ఆ ట్యూబులోకి వేరే రక్తం ఎక్కడినుంచి వచ్చిందో కావాలండి. అది మీరింకా చెప్పలేదు."

"ఆమె మేనమామది."

తలుపు దగ్గర నిలబడ్డ భార్గవ్ గొంతు సవరించుకున్నాడు. సన్నటి మనిషి, నిద్ర చాలని కళ్ళు. "కాదు, సర్. మీరు అడిగారని ఆయన రక్తం కూడా పరీక్షించాను. సరిపోలలేదు. నా దగ్గరున్న మరే పేషెంటు రీడింగుతోనూ సరిపోలలేదు."

"అయితే ఇంకెవరిదో. రక్తం తీయడమే ఆమె పని, ఊరందరి రక్తమూ ఆమె చేతిలోనే ఉంది."

"అంటే దొంగ దొరికాడు కానీ దొంగిలించిన వస్తువు ఏమిటో తెలీదంటారు," అన్నాను. నరసింహం మీసం కొంచెం కదిలింది. ఆయనకి కోపమొస్తే అంతకంటే ఏమీ కదలదు.

* * *

రక్తం తీసే గది కింది అంతస్తులో ఉంది. భార్గవ్ నాతో వచ్చాడు. నరసింహం పిలవకుండానే వచ్చాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అందామనుకుని, నాలుగు గంటలు గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఒక కుర్చీ, చెయ్యి ఆనించడానికి ఒక దిండు, ట్యూబులు పెట్టే స్టాండు, గోడవారన చిన్న ఫ్రిజ్. నేను కుర్చీలో కూర్చుని చెయ్యి దిండు మీద పెట్టి చూశాను. రక్తం తీసేవాళ్ళు తల వంచితే చెయ్యే కనిపిస్తుంది, ముఖం కనిపించదు.

"డాక్టర్ గారూ, ఒక్కసారి నాకు అర్థమయ్యేలా చెప్పండి. ఈ పరీక్షలో మీరు చూసేది ఏమిటి?"

"మైక్రో ఆర్‌ఎన్‌ఏలు," అన్నాడు భార్గవ్. "మీ నాన్నగారు మిల్లులో పనిచేశారన్నారు కదా. ఓవర్‌హెడ్ క్రేన్ కింద నిలబడి సైగ చేసే మనిషి ఉంటాడు. ఆయన చెయ్యి అడ్డం పెడితే క్రేన్ ఆగాలి. ఇవీ అంతే. జన్యువు ఫలానా ప్రొటీను తయారుచెయ్యమని ఆర్డరు పంపుతుంది. ఈ చిన్న ముక్క వెళ్ళి ఆ ఆర్డరుకి అతుక్కుని పని ఆపేస్తుంది. కాలేయంలో నూట ఇరవై రెండో నంబరుది ఒకటి దండిగా ఉంటుంది. గడ్డలో అది తరిగిపోయిందంటే సైగ చేసే మనిషి లేనట్టే. కణాలు పక్కవాటి పట్టు వదిలి కదలడం మొదలుపెడతాయి."

"అది గడ్డలో సంగతి. మరి రక్తంలో?"

"గడ్డ వేరే మైక్రో ఆర్‌ఎన్‌ఏలని రక్తంలోకి వదులుతుంది. వాటిలో కొన్ని రక్తనాళాల గోడల్ని వదులు చేస్తాయి. ఆ సందుల్లోంచి కణాలు దూరి ఊపిరితిత్తులకో ఎముకలకో పోతాయి. నేను వాటిలో కొన్నింటిని కలిపి చూస్తాను. పోలరాజు గడ్డలోంచి తీసిన ముక్క, మొదటి ట్యూబు, రెండూ ఒకే మాట చెప్పాయి. రెండో ట్యూబు పూర్తిగా ఎదురు చెప్పింది. మిషను తప్పేమోనని మళ్ళీ చేశాను. అదే వచ్చింది."

"రెండు ట్యూబులకీ మధ్య మూడు వారాలుంది కదా, అంతలో మారదా?"

"కొంత మారొచ్చు. ఇలా తలకిందులు కాదు. అందుకే అది ఆయన రక్తం కాదని నా అనుమానం. కానీ అనుమానం మీద కడుపు కొయ్యరు కదా, బోర్డుకి కాగితం మీదున్నదే లెక్క. తప్పు జరిగిందని రుజువు లేందే మూడోసారి రక్తం తియ్యనివ్వరు." ఆయన చేతులు నలుపుకున్నాడు. "ఆయన్ని నేనే ఈ పరిశోధనలో చేర్చాను, మేడమ్. నేను చేర్చకపోయుంటే మామూలుగా ఆపరేషన్ అయిపోయేది."

ఆ కుర్రాడి మీద నాకు జాలేసింది. చేసిన మంచి ఎదురు తిరిగితే మనిషికి ఎక్కడా నీడ దొరకదు.

"కెమెరా ఉందా?"

"ఉంది, చూశాను," అన్నాడు నరసింహం. "పోలరాజు లోపలికి వచ్చాడు, పోలరాజు బయటికి వెళ్ళాడు. ఆ తర్వాత ఈమె ఒక్కతే ఉంది."

"నాకూ చూపించండి. వయసొచ్చింది, నాకు కళ్ళతో చూస్తే కానీ అర్థం కాదు."

ఎవరో పిలిస్తే భార్గవ్ పైకి వెళ్ళాక, నరసింహం ఫోనులో చూపించాడు. కెమెరా తలుపు మీద ఉంది. పొడుగు చేతుల చొక్కా, మాస్కు, మెడ చుట్టూ తువ్వాలు. లోపలికి వెళ్ళాడు. బయటికి వచ్చేటప్పుడు కుడి చొక్కా చెయ్యి పైకి మడిచి ఉంది. మోచేతి మడతలో దూది నొక్కి పట్టుకుని, చెయ్యి వంచుకుని నడిచి వెళ్ళిపోయాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా చెయ్యి శుభ్రంగా, నున్నగా ఉంది. నేను దాన్ని రెండుసార్లు చూశాను. అప్పటికి నాకందులో ఏ విశేషమూ తోచలేదు.

* * *

పోలరాజు మంచం వార్డు చివర కిటికీ పక్కన. నేను వెళ్ళేసరికి నర్సు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఆయన భార్య సన్యాసమ్మ, మనిషి చిన్నదైనా చూపు గట్టిది, భర్త మడమ పట్టుకుని కదలకుండా చూస్తోంది.

నర్సు పాదం మీద నరం కోసం తడుముతోంది.

"కాలికెందుకమ్మా సూది?" అన్నాను.

"చేతులకి దిగదండి," అంది సన్యాసమ్మ. దుప్పటి కొంచెం పక్కకి లాగింది. పోలరాజు రెండు చేతులూ మోచేతి పైనుంచి మణికట్టు దాకా కాలి, చర్మం ముడుచుకుని మెరుస్తోంది. "ఎర్రగా కాలిన రాడ్డు లైను తప్పి మీద పడిపోనాది. మొహానికి అడ్డం పెట్టుకున్నాడు కదేటి, చేతులు పోనాయి. అప్పటినుంచి సూదంటే కాలికే."

నేను అలాగే నిలబడిపోయాను. మోచేతి మడతలో మంచి నరం. దూది నొక్కుకున్న నున్నటి చెయ్యి. పోలరాజుని నేను చూడడం ఇదే మొదలు గనక సరే, ఆ చేతులు చూసిన డాక్టర్లూ నర్సులూ పైన ఇందరున్నారు. ఒక్కరూ కిందికి దిగి ఆ కెమెరా చూడలేదు, చూసిన నరసింహం పైకెక్కి ఈ మంచం దగ్గరికి రాలేదు.

"అమ్మా, మీరు డాక్టరమ్మేటి?" అన్నాడు పోలరాజు నీరసంగా. "మా ఆపరేసన్ ఒగ్గేసినారట. నానేటి తప్పు సేసినాను?"

నేను దుప్పటి మళ్ళీ ఆయన చేతుల మీదికి లాగాను. "నువ్వేమీ చెయ్యలేదు నాయనా," అన్నాను.

అప్పుడే టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఒకతను వచ్చాడు. పోలరాజుకి ముక్కు, నుదురు దింపేసినట్టే ఉన్నాడు, కాకపోతే నాలుగైదేళ్ళు చిన్న. సన్యాసమ్మ గిన్నె తీసి అతని చేతిలో పెట్టబోయింది.

"నువ్వు కూడా తిను ఆదిబాబూ. డ్యూటీ నుంచి అలాగే వచ్చీసినావు."

"ఆకలి నేదొదినా. నువ్వు తిను." అతను ప్యాంటు పైకి లాక్కున్నాడు. బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త బెజ్జం ఒకటి కనిపించింది. అన్న మంచాన పడ్డాక తమ్ముడు తిండి మానేశాడు కాబోలనుకున్నాను. ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే నలుగురూ చిక్కుతారు.

"ఆదిబాబూ," అన్నాను, "నీకు సూదంటే భయమట కదా."

అతని మొహంలో నెత్తురు లేదు. ఎడమ చెయ్యి కుడి భుజం మీదికి వెళ్ళి మెల్లిగా నలపడం మొదలుపెట్టింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది, నాకు లోపల నవ్వొచ్చింది కూడా. ఆ నవ్వుకి తర్వాత నన్ను నేను క్షమించుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఎవులు సెప్పినారు?" అంది సన్యాసమ్మ మధ్యలో దూరి. "ఆడికేటి సంబంధం? నర్సమ్మా, నువ్వెల్లు తల్లీ."

నర్సు వెళ్ళిపోయింది. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఇక్కడ మూడో మనిషిలా మాట్లాడితే ఈమె నోరు విప్పదు.

"నేను పుట్టిందీ మీ భుయ్యాడీహ్ బస్తీలోనే సన్యాసమ్మా. నదికాడ లైను ఇళ్ళు. మా నాన్న పనికెల్లినన్నాళ్ళూ మా బాబాయి గేటు పాసు మీదే ఎల్లీవోడు. మా బాబాయికి జొరమొస్తే నాన్న, నాన్నకి నడుం పట్టేస్తే బాబాయి. పాసు ఒకటి, మనుషులిద్దరు."

కాంట్రాక్టు పనివాళ్ళలో ఇది ఉన్నదే. దాన్ని బద్లీ అంటారు. అన్న లేవలేకపోతే అన్న పేరు మీద తమ్ముడు వెళ్తాడు. ఎవరూ దాన్ని మోసం అనుకోరు, ఇంటి పొయ్యి ఆరకుండా చూసుకోవడం అనుకుంటారు. ముఖం చూసేవాడు గేటు దగ్గర కూడా ఉండడు, పాసు చూస్తాడు, తల ఊపుతాడు.

సన్యాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అప్పటికింకా ఇంటికాడే ఉన్నాం, ఆ రేతిరంతా మావోడికి వాంతులు. తెల్లారి లెగనేకపోనాడు. ముందోసారి డేటు తప్పితే నెల్లాళ్ళు తోసేసినారమ్మా. మళ్ళీ తోసేత్తే మనిసి దక్కుతాడేటి? నానే ఆదిగాడికి కార్డిచ్చి పంపినాను. ఒక్క కడుపున పుట్టినోళ్ళు కదా, రగతం ఒకటే అవుద్దనుకున్నాను."

పోలరాజు కళ్ళు తెరిచి తమ్ముణ్ణి చూశాడు. అతనికి ఈ సంగతి తెలీదని ఆ చూపులోనే తెలిసింది.

"నాకు ఒక్క మాటైనా సెప్పనేదేటిరా?"

"నువ్వు పడుకున్నావు అన్నా," అన్నాడు ఆదిబాబు. "నీ పేరు మీద నాను డ్యూటీకెల్లిందెన్నిసార్లు? అలాగే అనుకున్నాను." నా వైపు తిరిగాడు. "మేడం, తప్పు నాది. నన్ను జైల్లో ఎట్టేయమనండి. అన్న పేరు కొట్టీవద్దని సెప్పండి. కాళ్ళట్టుకుంటాను."

నిజంగానే వంగబోయాడు. వంగేసరికి కుడి డొక్క పట్టుకుని ఆగిపోయాడు, ఒక్క క్షణం. నేను భుజం పట్టుకుని లేపాను.

"ఎవరి పేరూ కొట్టరు. పద నాతో."

* * *

నరసింహం గదిలో నవ్య ఇంకా ఆ కుర్చీలోనే ఉంది. భార్గవ్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. నేను ఆదిబాబుని లోపలికి తోసి, చొక్కా చెయ్యి పైకి లాగమన్నాను.

"నవ్యా, ఈ నరం గుర్తుందా?"

నవ్య లేచి దగ్గరికొచ్చింది. చెయ్యి చూసింది, తర్వాత కళ్ళు చూసింది. "ఆప్ హీ థే. మీరే," అంది. "సూదంటే భయమన్నారు."

"నానే తల్లీ. నీకింత గొడవవుద్దని తెల్దు నాకు." అతను చేతులు జోడించాడు. "తెలిస్తే ముందే వచ్చీసీవోణ్ణి."

నేను నరసింహానికి అంతా చెప్పాను. కాలిన చేతులు, కాలికి సూది, కెమెరాలో నున్నటి చెయ్యి, గేటు పాసు పద్ధతి. ఆయన చివరిదాకా విన్నాడు. అది ఆయన గొప్పదనమే, ఒప్పుకోవాలి.

"ఇది వేరొకరి పేరుతో మోసగించడం," అన్నాడు. "దీనికి సెక్షనుంది."

"ఉంటుందండి. ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చిందని, ఈ పిల్లని పొద్దుటినుంచి కూర్చోబెట్టిన దానికి కూడా ఏదో సెక్షనుండే ఉంటుంది. రెండూ కలిపి వెతుకుదామా?"

"మీరు వెటకారం చేస్తున్నారు."

"నాకు కోపమొస్తోందండి. ఆ మనిషి చేతులు మీరు ఒక్కసారి చూసుంటే ఇదంతా పది నిమిషాల పని. ముఖానికి మాస్కు, చేతికి కార్డు. మీ ఆసుపత్రి గేటుకీ మా మిల్లు గేటుకీ తేడా ఏముంది?"

నరసింహం లేచి నిలబడ్డాడు. "నవ్యా, నువ్వు ఇంటికి వెళ్ళమ్మా. మీ మామయ్య పేరు జాబితాలో అలాగే ఉంటుంది. నేను... సరిగ్గా చూడలేదు. బోర్డుకి నేనే చెబుతాను."

నవ్య మళ్ళీ ఏడ్చింది. ఈసారి నేను ఆపే ప్రయత్నం చెయ్యలేదు.

"మరి అన్నకి ఆపరేసన్ సేత్తారేటి?" అన్నాడు ఆదిబాబు.

నేను భార్గవ్ వైపు చూశాను, ఆయన నోటితోనే వినాలని. "పోలరాజు దగ్గర ఇప్పుడే మళ్ళీ రక్తం తీయిస్తాను," అన్నాడు భార్గవ్. "గడ్డ ముక్క బాగుంది, స్కానులో ఎక్కడా పాకినట్టు లేదు. సోమవారం ఆయనకే ఉంటుందని నా నమ్మకం. బోర్డులో నేను కూర్చుంటాను."

ఆదిబాబు నేల మీదే చతికిలబడి మోకాళ్ళలో మొహం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నాకు కూడా కళ్ళు చెమర్చాయి, దాచుకోను. కేసు తేలింది, దొంగ లేడు, అన్న బతుకుతాడు. ఇన్నాళ్ళ నా వృత్తిలో ఇంత మంచి మధ్యాహ్నం నాకు దొరకలేదనుకున్నాను.

భార్గవ్ మాత్రం సంతోషంగా లేడు. ఆదిబాబు ఎదుట గొంతుక్కూర్చుని, మెల్లిగా అడిగాడు.

"ఆదిబాబూ, మీ అమ్మగారు ఎలా పోయారు?"

"అమ్మా? పచ్చకామెర్లండి. పొట్ట ఉబ్బిపోయి పోనాది. మా చిన్నప్పుడే. దాలమ్మంటే మా లైన్లో అందరికీ తెలుసు."

"మీ అన్నకి కాలేయం పాడుచేసిన వైరస్ ఒకటి ఉంది. అది తల్లి నుంచి బిడ్డకి పురిట్లోనే రావచ్చు. నీకెప్పుడైనా పరీక్ష చేశారా?"

"నాకెందుకండి? నాను బాగానే ఉన్నాను కదా."

"వచ్చినప్పటినుంచీ ఆ కుడి భుజం నలుపుకుంటున్నావు, ఎప్పటినుంచి నొప్పి?"

"పండగ ముందునుంచి. బరువులు మోత్తాం కదండి."

బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త బెజ్జం. ఆకలి నేదొదినా. వంగితే డొక్క పట్టుకున్న చెయ్యి. గుమ్మడికాయల దొంగ అనుకుని నేను నవ్వుకున్న భుజం, కాలేయం ఉబ్బితే నొప్పి అక్కడికీ పాకుతుందని క్లెయిము కాగితాల్లో ఎన్నోసార్లు చదివినదాన్నే. అవన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి, వార్డులో అతన్ని చూసినప్పటినుంచీ. నేను ట్యూబు మార్చిన వాడి కోసం వెతికాను కానీ, ట్యూబులో ఉన్న మాట ఎవరిదని అడగలేదు. మిషను రెండుసార్లూ నిజమే చెప్పింది. ఎవరి గురించో మాకు తెలీలేదు, అంతే.

"డాక్టర్ గారూ," అన్నాను.

"నా పరీక్ష ఒక్కటే చూసి చెప్పకూడదు, మేడమ్. కాలేయం వాచినా కొన్ని పెరుగుతాయి. స్కాను కావాలి, ఈరోజే." ఆయన లేచి నా పక్కకొచ్చాడు. "కానీ అలాంటి రీడింగు మంచి కాలేయం నుంచి రావడం నేను చూడలేదు."

ఆదిబాబు మా మొహాల్ని ఒక్కొక్కటిగా చూశాడు. మిల్లులో పెరిగినవాడు, మనుషుల మొహాలు చూసి ప్రమాదం పసిగట్టడం అలవాటే.

నేను అతని పక్కన నేల మీద కూర్చున్నాను. ఇది డాక్టరు నోట వినాల్సిన మాట కాదు.

"ఆదీ, ఆ ట్యూబులో ఉన్నది నీ రక్తం. దానికి బాగోలేదన్నారు."

"అంటే అన్నది బాగుంది."

"బాగుంది."

"నాది బాగోనేదు."

"చూడాలి. చూశాక కానీ తెలీదు."

అతను తల ఊపాడు. కాసేపు తన మోచేతి మడత వైపే చూసుకున్నాడు. "ఒదినకి సెప్పకండి మేడం. తనే పంపినానని కుమిలిపోద్ది."

"మీ వదిన పంపకపోతే ఇది ఎవరికీ తెలిసేది కాదురా నాయనా. నువ్వు భుజం నొప్పికి మందు రాసుకుంటూ డ్యూటీకెళ్ళేవాడివి. ఆవిడ పంపబట్టే ఈరోజు మనం ఇక్కడున్నాం. అది నేనే చెబుతాను ఆవిడకి, ఎలా చెప్పాలో నాకు తెలుసు."

నిజానికి ఎలా చెప్పాలో నాకు తెలీదు. కానీ ఎవరో ఒకరు తెలిసినట్టు మాట్లాడాలి కదా.

నరసింహం గారు తలుపు తీసి పట్టుకున్నారు. "పదండి," అన్నారు. "రిజిస్ట్రేషన్ కౌంటరు నాలుగింటికి మూసేస్తారు. స్కానుకి నేను ఫోన్ చేశాను, వాళ్ళు ఆగుతారు." ఆయన ఎప్పుడు ఫోన్ చేశారో నేను గమనించలేదు.

కౌంటరు దగ్గర వరస పెద్దదే. నరసింహం గారు ముందుకెళ్ళి ఏదో చెప్పారు, వాళ్ళు దారిచ్చారు. అద్దం వెనకున్న అమ్మాయి తలెత్తకుండానే అడిగింది.

"మరీజ్ కా నామ్? పేషెంటు పేరు?"

"పోలరాజు," అన్నాడు ఆదిబాబు.

చేతిలో అన్న కార్డు అప్పటికే అద్దం కింద నుంచి లోపలికి సగం జరిపాడు. ఇన్నేళ్ళ అలవాటు. నేను ఆ కార్డు మీద చెయ్యి వేసి ఆపాను.

"ఈసారి బద్లీ లేదురా," అన్నాను. "నీ పేరు చెప్పు."

అతను కార్డు వెనక్కి తీసుకుని, చొక్కాకి తుడిచి, నా చేతిలో పెట్టాడు. "ఇది అన్నకిచ్చేయండి మేడం. సోమవారం కావాల." అద్దం వైపు తిరిగి, అలవాటు లేని మాట పలుకుతున్నట్టు ఒక్కసారి ఆగాడు.

"ఆదిబాబు," అన్నాడు.